ఎడమ కనుబొమ్మ మీది గాటు

మా నాయన రాయి మీద ఉలి పెట్టే ముందు సుత్తితో మెల్లగా తట్టి వినేవాడు. ఖంగుమంటే పనికొస్తుంది, బొంగురుగా పలికితే లోపల ఎక్కడో పగులున్నట్టు. ఆళ్ళగడ్డలో రాతిపని చేసే ప్రతివాడికీ ఇది తెలుసు. మా నాయనకు ఇంకో నియమం కూడా ఉండేది. అది ఊరిది కాదు, మా ఇంటిది. బతికున్న మనిషిని ఎదురుగా నిలబెట్టి చెక్కాల్సి వస్తే, ఆ ముఖంలో ఏదో ఒకటి కావాలని తప్పు చెయ్యాలి.

"ఉండేది ఉన్నట్టే చెక్కితే ఆ మనిషికీ రాయికీ ముడిపడతాది రా. చెవి తప్పుజెయ్, లేకుంటే ముక్కు తప్పుజెయ్. యాదో ఒకటి మార్చు" అనేవాడు.

నేను నవ్వేవాణ్ణి. చేతకానివాడు దొరికిపోకుండా పెట్టుకున్న నియమంలా ఉందే అని ఒకసారి ముఖం మీదే అన్నాను కూడా. నాయన కోప్పడలేదు. దగ్గు తెర వచ్చి, అది తగ్గేదాకా ఆగి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ దగ్గే కొన్నేళ్ళకు ఆయన్ని తీసుకుపోయింది. ముప్ఫై ఏళ్ళు పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని నంద్యాల డాక్టరు చెప్పాడు. అమ్మ అంతకుముందే పోయింది. చివరి రోజుల్లో నాయన మా తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, నువ్వు ఉలి ముట్టుకోవద్దని ఒట్టు వేయించుకున్నాడు. నా దగ్గర వేయించుకోలేదు. నేనప్పటికే సగం రాయినైపోయానని అనుకున్నాడేమో.

తమ్ముడు మాట నిలబెట్టుకుని సైన్యంలో చేరాడు. పెళ్ళయ్యాక నంద్యాలలో ఇల్లు తీసుకున్నాడు. మరదలు అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. వాడు ఏడాదికి ఒకసారో రెండుసార్లో సెలవు మీద వచ్చేవాడు. వచ్చినప్పుడు షెడ్డులో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నేను చెక్కిన దేవుళ్ళకు వంకలు పెట్టేవాడు. ఈ వినాయకునికి డ్రిల్ చేయించాలన్నా, పొట్ట చూడు అనేవాడు.

ఇదంతా మొదలైంది ప్యాపిలి దిక్కునుంచి వచ్చిన ఒక పనితో. అక్కడొక పల్లె కుర్రాడు కొన్నేళ్ళ కిందట సరిహద్దులో కాపలా కాస్తూ మంచు విరిగిపడి చనిపోయాడు. కాల్పులేవీ జరగలేదు. రెండు దేశాల వాళ్ళు ఒకరినొకరు చూస్తూ నిలబడే ఎత్తయిన చోట నిలబడి ఉన్నాడు, అంతే. ఊరివాళ్ళు బడి ముందర వాడి విగ్రహం పెట్టాలనుకున్నారు. కుర్రాడి తల్లి కూడా వాళ్ళతో వచ్చింది. తెల్ల చీర, చేతిలో గుడ్డసంచి, అందులో బైబిలు. షెడ్డులో ఉన్న దేవతల వైపు చూడకుండా నా వైపు మాత్రమే చూసి, "వందనాలయ్యా" అంది.

"మేము బొమ్మలకు మొక్కేటోళ్ళం కాదు. ఊరోళ్ళు పెట్టుకుంటామంటాండారు. వద్దనే దానికి నాకు నోరు రాలేదు" అని చెప్పింది.

ఫొటో అడిగాను. గుర్తింపు కార్డు మీది గోరంత బొమ్మ ఒకటి, తలకు టోపీ, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని పదిమందిలో నిలబడ్డది ఇంకొకటి ఇచ్చారు. రెండిట్లోనూ ముఖం సరిగ్గా లేదు. చదువుకునేటప్పటి ఫొటోలు లేవా అంటే, వానకు మిద్దె కారి పెట్టెలోనివి పాడైపోయాయంది ఆ తల్లి. ఎట్లాగో చేస్తాలే అమ్మా అన్నాను. నా పనితనం మీద నాకంత నమ్మకం. పొగరు అనాలేమో.

సరిగ్గా అప్పుడే తమ్ముడు సెలవులో వచ్చాడు. ఇంచుమించు ఆ కుర్రాడి వయసే, ఆ ఎత్తే. యూనిఫాం తెప్పించి, చేతికి తుపాకీ బదులు గడ్డపార ఇచ్చి, షెడ్డు ముందు నిలబెట్టాను. ఎండ దంచుతోంది. గంటసేపు కదలకుండా నిలబడమంటే వాడికది లెక్కే కాదు.

"ఆడ మంచులో నిలబెడతారు, ఈడ ఎండలో నువ్వు నిలబెడతాండావు. నాకు కూచునే రాత లేదేమో" అన్నాడు.

"నోరు మూస్కో. దవడ కదుల్తాంది" అన్నాను.

"అన్నా, నాయన చెప్పింది యాదుందా? చెవి తప్పుజెయ్యి."

"నీ చెవి ముందే తప్పుగా ఉంది పో."

ఇద్దరం నవ్వుకున్నాం. వాడు వెళ్ళిపోయాక ముఖం మొదలుపెట్టాను. ఆ కుర్రాడి కార్డు ఫొటోను పెద్దది చేయించి గోడకు అంటించుకున్నాను. ముక్కు, దవడ అందులోంచే తీయాలని నా ఉద్దేశం. కానీ చేతికి ఒక అలవాటుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా చూసిన ముఖం చేతిలోకి ఎలా దిగిపోతుందో ఉలికి కూడా తెలియదు. పదిరోజుల తర్వాత దూరంగా నిలబడి చూస్తే, నల్లరాతిలోంచి మా తమ్ముడు నా వైపు చూస్తున్నాడు. చూస్తున్నాడనడం కూడా తప్పే. కళ్ళు ఇంకా తెరవలేదు. దేవుడికైనా మనిషికైనా మేము కంటిపాప గీత చివరికి, పంపే రోజు పొద్దున స్నానం చేసి పెడతాం. అప్పటిదాకా కనుగుడ్లు రెండూ నున్నగా, ఖాళీగా ఉంటాయి.

అన్నిటికంటే ఘోరమైంది ఎడమ కనుబొమ్మ. చిన్నప్పుడు ఇదే షెడ్డులో నా ఉలి నుంచి ఎగిరిన రాతిముక్క తగిలి తమ్ముడికి అక్కడ గాటు పడింది. కనుబొమ్మ రెండుగా చీలినట్టు ఉంటుంది. ఆ చీలిక కూడా చెక్కేశాను. ఎప్పుడు చెక్కానో గుర్తులేదు.

దిద్దాలని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ నా బతుకులో అంత బాగా ఇంకో ముఖం రాలేదు. ప్రాణమున్నట్టు ఉందని పక్క షెడ్డువాళ్ళు పొగిడారు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ పొద్దుపుచ్చాను. పైగా ఫొటో తీసి నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను.

తర్వాత కశ్మీరులో సరదాగా తిరగడానికి వెళ్ళినవాళ్ళను కాల్చి చంపారు. పదిహేను రోజులకు మన విమానాలు పొరుగుదేశం మీద బాంబులు వేశాయి. ముందురోజు సాయంత్రం తమ్ముడు ఫోన్ చేసి, కొన్నాళ్ళు ఫోన్ ఉండదన్నా, దానికి చెప్పు, భయపడొద్దని అన్నాడు. దానికి అంటే మరదలికి. నువ్వే చెప్పరాదా అంటే, చెప్పినా, నువ్వుగూడా చెప్పు అన్నాడు. గొంతులో తేడా ఏమీ లేదు. అదే నాకు భయం వేసింది.

ఆ నాలుగు రోజులు ఆళ్ళగడ్డలో పగటిపూట ఎలా ఉండేదో చెప్పాలి. ఎప్పుడూ మా వీధి ఉలి చప్పుళ్ళతోనే నిండి ఉంటుంది. ఆ చప్పుడు ఆగిపోయింది. అందరూ టీవీల ముందున్నారు. టీవీలవాళ్ళు మాటిమాటికీ సైరన్ మోగించేవాళ్ళు. ఒక ఇంట్లో మొదలైన సైరన్ పక్క ఇంట్లో, ఆ పక్క ఇంట్లో కొంచెం కొంచెం వెనకగా మోగేది. మే నెల ఎండకు వీధిలో ఒక్క మనిషి ఉండడు, సైరన్ మాత్రం ఇంటింటికీ నడుచుకుంటూ వెళ్తున్నట్టు ఉండేది. కోళ్ళు అరుచుకుంటూ షెడ్డులోకి పరిగెత్తి విగ్రహం కాళ్ళ దగ్గర దూరేవి.

టీ బంకు దగ్గర మాత్రం మగవాళ్ళు పోగయ్యేవాళ్ళు. వాళ్ళ విమానాలు చైనావి, కొన్ని అమెరికావి. మనవి ఫ్రాన్సువి, రష్యావి అని ఒకాయన వేళ్ళు మడిచి చెప్పేవాడు.

"అమెరికావోడు ఎవురి దిక్కప్పా?" అని అడిగారెవరో.

"ఇద్దరి దిక్కూ. వానికేం పోతాది? ఈనికీ అమ్ముతాడు, ఆనికీ అమ్ముతాడు."

"మనకు దోస్తు గదా?"

"ఆళ్ళకూ దోస్తే."

టీ గ్లాసు విసిరికొట్టాలనిపించింది. వాళ్ళకది పందెం కోళ్ళ ముచ్చట. నన్ను చూడగానే మాట మార్చారు. నేను టీ తాగి వచ్చేస్తుంటే వెనక గొంతులు తగ్గించుకున్నారు. ఎందుకు నా ముందు ఇంత మెల్లగా మాట్లాడుతున్నారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మరుసటి రోజు పొద్దున ఎదురింటి ముసలామె వచ్చి, విగ్రహం కాళ్ళ దగ్గర రెండు చామంతిపూలు పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు గేటు దగ్గర చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏందప్పా? యాడికొచ్చినారు?"

వాళ్ళలో ఒకాయన నా భుజం పట్టుకుని ఏడ్చాడు. ఫోన్ చూపించాడు. అందులో మా షెడ్డు, మా విగ్రహం. నేను స్టేటస్‌లో పెట్టుకున్న ఫొటోనే. దాని చుట్టూ ఎవరో బంతిపూల దండ అతికించి, పైన జెండా పెట్టి, ఆళ్ళగడ్డ ముద్దుబిడ్డ, వీరమరణం, జోహార్లు అని రాశారు. కింద తమ్ముడి పేరు. ముఖం చూసి గుర్తుపట్టారు. గాటు చూసి గుర్తుపట్టారు. మనిషి పోకుండానే విగ్రహం ఎందుకు చేస్తారు అని అందరూ నమ్మారు.

కాదని చెప్పాను. అది వేరే కుర్రాడిదని, ప్యాపిలి దిక్కు వాడిదని అరిచాను. ఆయన తల ఊపాడు. పిచ్చి పట్టినవాడి మాట విన్నట్టు విన్నాడు. నా తమ్ముడు బతికే ఉన్నాడు అన్నాను. మరి మాట్లాడినావా అని అడిగాడు. మాట్లాడలేదు. మూడు రోజులుగా ఆ నంబరు స్విచాఫ్. వాడు బతికే ఉన్నాడనడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు. లేడనడానికి మాత్రం షెడ్డులో నిలువెత్తు రాయి ఉంది, అది నేనే చెక్కాను.

పదింటి బస్సుకు మరదలు నంద్యాల నుంచి వచ్చింది. డ్యూటీ బట్టలతోనే వచ్చింది. ఏడవలేదు. నేరుగా షెడ్డులోకి వెళ్ళి విగ్రహం ముందు నిలబడింది. ముఖమంతా తెల్లటి రాతిపొడి. చేతిరుమాలు నీళ్ళలో తడిపి, రోగికి తుడిచినట్టు ఆ నుదురు, బుగ్గలు తుడిచింది. కనుబొమ్మ దగ్గర వేలు ఆగింది.

"ఏంజేస్తివి బావా?" అంది.

రుమాలు పిండి నా వైపు తిరిగింది.

"కండ్లు పెట్టొద్దు. ఆయప్ప ఫోన్ జేసేదాంక పెట్టొద్దు. నాకు మాటియ్యి."

చదువుకున్న అమ్మాయి, రోజూ చావు పుట్టుకలు చూసే నర్సు అన్న మాట అది. మాటిచ్చాను. అదే మధ్యాహ్నం ప్యాపిలి దిక్కు ఊరి పెద్దలు ఫోన్ చేశారు. దేశమంతా సైనికులనే తలుచుకుంటోందట, ఇప్పుడే పెడితే బాగుంటుందట, సోమవారం వచ్చి తీసుకుపోతారట. కళ్ళు తెరిచి సిద్ధంగా ఉంచమన్నారు. ఇంకా పనుంది అన్నాను. ఇంక ఏం పని అప్పా, ఫొటోలో చూస్తిమి గదా, ఐపోయిందే అన్నారు. వాళ్ళు కూడా నా స్టేటస్ చూశారు. తమ ఊరి కుర్రాడి ముఖమేనని నమ్ముతున్నారు.

మరదలిని దిగబెట్టడానికి నేనూ నంద్యాల వెళ్ళాను. రైల్వేస్టేషను దగ్గర రిటైరైన సైనికులు కొందరు రోజూ కూర్చునే హోటలు ఒకటుంది. వాళ్ళకైనా కబురు తెలుస్తుందేమోనని ఆశ. మీసాలు తెల్లబడ్డ ఒక పెద్దాయనకు తమ్ముడి పేరు, వాడి దళం చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫోన్‌లో చాలాసేపు వెతికాడు. ముఖం మారిపోయింది.

"నీకు చెప్పలేదా నాయనా ఎవురూ?" అని ఫోన్ నా వైపు తిప్పాడు.

మళ్ళీ అదే ఫొటో. నా రాయి. నా షెడ్డు వెనకగోడ మీద నా సొంత చేతిరాతతో రాసుకున్న కొలతలు కూడా కనిపిస్తున్నాయి. దేశం అవతలి చివర నుంచి కబురు వస్తుందని నేను ఎదురుచూస్తుంటే, నా గోడ మీది గీతలే తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చాయి. ఇది నేను చెక్కిందే అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, ధైర్యంగా ఉండు, తమ్ముని బొమ్మ నువ్వే చెక్కుకోవాల్సి వచ్చిందా అన్నాడు. అప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు. హోటలు వాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

ఆ శనివారం సాయంత్రం షెడ్డులో కూర్చుని ఉన్నాను. మూల ఇద్దరు ద్వారపాలకులు చెక్కపెట్టెల్లో పడుకుని ఉన్నారు. అమెరికాలో మనవాళ్ళు కట్టుకుంటున్న గుడికి పంపాల్సిన విగ్రహాలు. ఆ గుడి కమిటీలోని ఒకాయన, నంద్యాలలో పుట్టి పెరిగినవాడే, నాకు ఫోన్ చేశాడు. పెట్టెలు ఎప్పుడు కదులుతాయని అడగడానికి. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "ఇంకేం భయం లేదులే. మావాళ్ళు యుద్ధం ఆపించారు. ఇప్పుడే మా ప్రెసిడెంటు చెప్పినాడు" అన్నాడు.

మావాళ్ళు ఎవరో అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. మన టీవీలో ఆ మాట అప్పటికింకా రాలేదు. ఐదు నిమిషాలకు వచ్చింది. నా తమ్ముడు ఎక్కడో గుంటలో కూర్చుని ఉన్నాడు, వాడి ఎదురుగా ఇంకెవరి తమ్ముడో గుంటలో కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఆపాలని ముందుగా తెలిసింది సముద్రాల అవతల కాఫీ తాగుతున్న ఈయనకు. మనవాళ్ళు మేమే మాట్లాడుకుని ఆపుకున్నాం అన్నారు, అమెరికావాళ్ళు మేమే ఆపించాం అన్నారు. పొరుగుదేశం అమెరికాకు దండం పెట్టింది. ఎవరి మాట నిజమో నాకు తెలియదు, ఆ పూట అవసరం కూడా లేదు. ఆగింది, అది చాలు అనుకున్నాను. ఆగింది అన్నాక కూడా ఆ చీకటి పడగానే మళ్ళీ డ్రోన్లు వచ్చాయని టీవీ చెప్పింది. తమ్ముడి ఫోన్ అట్లాగే ఉంది. ఆదివారమూ అట్లాగే ఉంది.

సోమవారం లారీ కంటే ముందు ఆ తల్లి వచ్చింది. ఒక్కతే డోన్‌లో బస్సు మారి, నంద్యాల మీదుగా వచ్చిందట. ఊరోళ్ళు వచ్చేలోపల ఒకసారి చూసుకోవాలయ్యా అంది. నేను గోనెపట్టా తీశాను.

ఆమె చాలాసేపు చూసింది. చెయ్యి చాచింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. చివరికి ముందుకొచ్చి అరచేతితో దవడ తడిమింది. ముక్కు తడిమింది. కనుబొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. మరదలి వేలు ఆగిన చోటే.

"నా కొడుక్కి ఈ గాటు లేదే."

అబద్ధం చెప్పొచ్చు. రాయిలోనే పుట్టిన గీత అనొచ్చు. కానీ కూలబడి మొత్తం చెప్పేశాను. తమ్ముణ్ణి నిలబెట్టిన సంగతి, నాయన నియమం, నా పొగరు, స్టేటస్, దండ వేసిన ఫొటో. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"ఆ పిల్లోడు యాడుండాడు ఇప్పుడు?"

"తెలీదమ్మా. ఆరు దినాలాయె, ఫోన్ లేదు."

ఆమె విగ్రహం వైపు తిరిగింది. దాని ఖాళీ కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది.

"నా కొడుకును పెట్టెలో తెచ్చినారు. పెట్టె తెరవగూడదన్నారు. ఇరవై దినాలు మంచులో ఉన్నాడంట. మొగం చూపియ్యమని కాళ్ళు పట్టుకుంటి. చూపియ్యలేదు. మొగం లేకుండానే మట్టిజేసినా వాన్ని." అరచెయ్యి మళ్ళీ ఆ దవడ మీద పెట్టింది. "బతికున్నోని మొగానికి దండేపిచ్చే పాపం నాకొద్దయ్యా. ఆ పిల్లోనికీ ఒక ఆడకూతురు ఎదురుచూస్తాంటాది. చెరిపెయ్యి."

"మొగం లేకుండా ఎట్లమ్మా? ఊరోళ్ళు..."

"నా కొడుకు బొమ్మ. నా మాట. మంచుకు గుడ్డ కట్టుకోరా ఆడ? తలకూ మొగానికీ గుడ్డ చుట్టినట్టు చెయ్యి."

చెయ్యొచ్చు. ముక్కు తీసేసి, అంగుళం లోపలికి దింపి, గుడ్డ మడతలు చెక్కొచ్చు. ముందు ఉలి, రెండు గంటలు మిషన్ పని, ఆ తర్వాత మళ్ళీ ఉలి. కానీ ఉలి ఎత్తి ఆ కనుబొమ్మ మీద పెట్టాక సుత్తి కిందికి దింపేశాను. ఇది తప్పు దిద్దడమా, వాణ్ణి కొట్టడమా? ముఖం ఉంచితే వాడు రాయైపోతాడని భయం. ముఖం పగలగొడితే ఏమవుతుందో నాయన ఎప్పుడూ చెప్పలేదు. ఇలాంటి పని చేసేవాడు ఒకడు పుడతాడని ఆయన అనుకుని ఉండడు.

ఆమె విగ్రహం భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. ప్రభువా, ఆ బిడ్డను కాపాడు అన్న ముక్క మాత్రం వినిపించింది. తన కొడుకు సంగతి ఏమీ అడగలేదు. కళ్ళు తెరవకుండానే, "కొట్టయ్యా, బేగా" అంది.

కొట్టాను. మొదటి దెబ్బకు గాటున్న చోటే పెచ్చు లేచింది. అది ఎగిరి ఎక్కడ పడిందో తర్వాత ఎంత వెతికినా కనిపించలేదు. ఆ చప్పుడు రాయి మీద ఉలి చప్పుడులా లేదు. మా నాయన ఉంటే ఆ చప్పుడుకు పేరు చెప్పి ఉండేవాడు. పొద్దుగూకేసరికి ముఖం పోయింది. దాని చోట గుడ్డ మడతలు, మడతల మధ్య సన్నటి నీడ మిగిలాయి. ఊరివాళ్ళు లారీతో వచ్చి నోరు తెరిచారు. ఇదేంది, ఎవురో ఎట్ల తెలుస్తాది అన్నారు. నాకు తెలుస్తాది అంది ఆ తల్లి. వాళ్ళు విగ్రహాన్ని లారీ ఎక్కించారు. కళ్ళు పెట్టాల్సిన పని రాలేదు కాబట్టి మరదలికిచ్చిన మాట కూడా నిలబడింది.

మంగళవారం పొద్దున పదింటికి ఫోన్ మోగింది.

"అన్నా, నేను. బాగుండావా?"

నేనేం మాట్లాడానో గుర్తులేదు. తిట్టానని వాడు అంటాడు. కాసేపు నవ్వాడు. ఆగిపోయిన సంగతి మాకూ ఆలస్యంగానే తెలిసిందన్నా, పక్క పోస్టువోడు ఫోన్‌లో చూసి చెప్పినాడు అన్నాడు. దెబ్బలేమీ తగల్లేదా అని అడిగాను.

"ఏం లేదు. ఒక రాతిముక్క వచ్చి తగిలింది, ఎడమకన్ను మీద. సరిగ్గా పాత గాటు కాడ్నే. అది కనపడకుండా పోయింది, కొత్త కుట్లు పడినాయి."

గోడకు ఆనుకున్నాను. షెడ్డులో విగ్రహం నిలబడిన చోట నేలంతా తెల్లటి పొడి, అందులో నా అడుగులు, ఆ తల్లి అడుగులు ఉన్నాయి. ఎప్పుడు తగిలింది అని అడగాలి. నాలుక మీదికి వచ్చింది. కాల్పుల రోజుల్లోనే తగిలి ఉంటుంది. సోమవారం సాయంత్రానికి అంతా చల్లబడింది కదా, అప్పుడెవరు కాలుస్తారు? అడిగితే సరిపోతుంది. అడగలేదు.

ఆ ఏడాది వానాకాలంలో అమెరికా మన సరుకుల మీద పన్ను పెంచింది. కమిటీ ఆయన ఫోన్ చేసి, ఇప్పుడు వద్దు, చూద్దాం అన్నాడు. ఈసారి మావాళ్ళు అనలేదు. రేవు దాకా వెళ్ళిన ద్వారపాలకులు లారీలో తిరిగొచ్చారు. వేరే చోటు లేక, తమ్ముడి విగ్రహం ఉన్న చోటే వాళ్ళిద్దరినీ నిలబెట్టాను. కళ్ళు తమ గుడి దగ్గరే తెరవాలని కమిటీ అడిగింది కాబట్టి వాళ్ళకూ ఇంకా కళ్ళు లేవు.

దసరా తర్వాత తమ్ముడు సెలవులో వచ్చాడు. ఎడమ కనుబొమ్మ ఇప్పుడు ఒక్కటిగా అతుక్కుపోయి, పైన నున్నటి గులాబీ రంగు మచ్చ ఉంది. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ద్వారపాలకులను చూసి, ఈళ్ళకు కండ్లెప్పుడు పెడతావన్నా అని అడిగాడు. అమెరికావోడు ఒప్పుకున్నప్పుడు అన్నాను. వాడు నవ్వి, మచ్చను వేలితో రుద్దుకుంటూ అన్నాడు:

"అన్నా, ఇది యాదినం తగిలిందో నీకు చెప్పలేదు గదా. తమాషా ఏందంటే, అప్పుడు కాల్పులు..."

నేను కటింగ్ మిషన్ స్విచ్ వేశాను.